పది అడుగుల వెనక

అమెరికాలో నా బొమ్మ ఒకటి గోడకెక్కింది. ఇల్లినాయ్ రాష్ట్రం, అరోరా ఊరు, నది ఒడ్డున పెద్ద హాలు. ఊరు ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది.

ఊరంతా కాదు. హాలూ కాదు. ఒకప్పుడు టైర్లు అమ్మిన షాపు అది. దాని ముందరి అద్దానికి లోపలి నుంచి టేపు వేసి అంటించారు. ఎదురుగా బస్‌స్టాప్ ఉంది కాబట్టి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చూడక తప్పలేదు. బస్సు ఎంత ఆలస్యమైతే నాకు అంత పేరు.

నాకు డెబ్బై ఆరేళ్ళు. అమ్మాయి దగ్గర ఉంటాను. మా ఆవిడా నేనూ తొమ్మిదేళ్ళ కిందట కలిసే వచ్చాం. ఆవిడ కిందటేడు చలికాలంలో పోయింది. అప్పట్నుంచీ ఇంట్లో అందరూ నాతో కొంచెం గట్టిగా, కొంచెం నెమ్మదిగా మాట్లాడతారు, నాకు చెవుడొచ్చినట్టు. అమ్మాయీ అల్లుడూ ఎవరి గదిలో వాళ్ళు తలుపేసుకుని మీటింగుల్లో ఉంటారు. మనవరాలు స్కూలు నుంచి వచ్చి "హాయ్ తాతా" అని మెట్లెక్కేస్తుంది. ఒకరోజు ఊసుపోక నేను మాట్లాడిన మాటలు లెక్కపెట్టుకున్నాను. మధ్యాహ్నానికి పదకొండు తేలాయి. అందులో నాలుగు మైక్రోవేవ్‌తో అన్నవి.

శనివారం మనవరాలికి కూచిపూడి క్లాసు. దోవలో అమ్మాయి నన్ను డౌన్‌టౌన్ లైబ్రరీ దగ్గర దింపి, క్లాసయ్యాక వచ్చి ఎక్కించుకుంటుంది. మధ్యలో రెండున్నర గంటలు. లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఒక అర నిండా ఉండేవి, అవన్నీ చదివేశాను. (రెండు చదివాను. మిగతావాటి అక్షరాలు చిన్నవి.) మార్చిలో ఒక శనివారం కాళ్ళు పట్టేసినట్టుంటే మంకీ క్యాప్ పెట్టుకుని వంతెన దాటి తూర్పు వైపుకి నడిచాను. అటు బోర్డులన్నీ స్పానిష్‌లో ఉంటాయి. బేకరీ వాసనలు, ఫుట్‌పాత్ మీద మనుషులు. మా సబ్‌డివిజన్లో, అంటే మా కాలనీలో, ఫుట్‌పాత్ మీద మనిషి కనిపిస్తే పొరుగువాళ్ళు కిటికీ తెర తీసి చూస్తారు.

అక్కడ ఒక అద్దంలో అమ్మవారు కనిపించింది.

ముసలావిడ. నీలం ముసుగు. నిలువెత్తునా చుట్టూ బంగారు కిరణాలు. కాళ్ళ దగ్గర గులాబీలు. కుడిచేతిలో ఆయుధం. ఇక్కడ వీళ్ళకి గుడి ఉన్న సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే అనుకుని, బూట్లు విప్పబోయి, కింద మంచు చూసి మానేసి, నిలబడ్డచోటే దణ్ణం పెట్టుకుని లెంపలు వేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి అద్దం వెనక నుంచి ఒకావిడ నన్నే చూస్తోంది. అరవై అయిదుకీ డెబ్బైకీ మధ్య ఉంటుంది. తెల్లజుట్టు జడ, రంగులు కారిన యాప్రాన్. తలుపు తెరిచి అడిగింది.

"ఏం చేస్తున్నారు?"

"దేవతకి నమస్కారం."

"అది మా అమ్మ," అంది.

దగ్గరికెళ్ళి చూశాను. చేతిలో ఉన్నది ఆయుధం కాదు, అప్పడాల కర్ర.

ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ముందు కళ్ళు తుడుచుకుంది, తర్వాత నవ్వింది. "మా అమ్మ నలభై ఏళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్లో రొట్టెలు ఒత్తింది. ఆవిడకి దణ్ణం పెట్టిన మొదటి మనిషి మీరే. లోపలికి రండి, చలి."

లోపల పొడుగాటి బల్లలు, తాళ్ళకి క్లిప్పులతో వేలాడుతున్న కాగితాలు, ఇంకు వాసన. ఆ వాసన నాకు తెలుసు. స్క్రీన్ ప్రింటింగ్. చట్రానికి బిగించిన గుడ్డ మీద రంగు పోసి, రబ్బరు అంచున్న స్క్వీజీతో సర్రున లాగితే కింద కాగితం మీద బొమ్మ పడుతుంది. ఆ సర్రు విని ఎన్నేళ్ళయిందో. ప్రతి శనివారం డజను మంది అక్కడ పోస్టర్లు వేస్తారట. ఆవిడే నేర్పుతుంది. నేనిక పంతులమ్మ అంటాను.

"మీకు ఈ పని తెలుసా?" అంది, నా ముఖం చూసి.

తెలుసనుకోండి, ఎంత తెలుసో చెప్పి ఊరుకోవచ్చుగా. "నేను ఆర్టిస్టుని," అన్నాను. "గుడివాడలో నాకు పెద్ద ప్రెస్సుండేది. పన్నెండు మంది పనివాళ్ళు. మంత్రులింట్లో పెళ్ళిళ్ళకి శుభలేఖలు నా దగ్గరే వేయించుకునేవాళ్ళు. బొమ్మలన్నీ నా చేతివే."

బల్ల చివర ఒక రిటైరైన కార్ల మెకానిక్ ఉన్నాడు, నా ఈడువాడు, చేతులు నా కాళ్ళంత ఉంటాయి. లేచి నిలబడి, "అయితే మాయెస్ట్రో!" అని కుర్చీ లాగి వేశాడు. పనిలో గురువుని వాళ్ళు అలా పిలుస్తారట. అంటే మన మాస్టారే. ఏడాదిగా నన్నెవరూ ఇలా ఆగి నిలబడి పిలవలేదు. కూర్చున్నాను.

నిజం ఇప్పుడే చెప్పేస్తాను, మీ దగ్గర దాచి లాభం లేదు. ప్రెస్సు మా బావమరిదిది. పనివాళ్ళు ఇద్దరు. నేను కరెంటాఫీసులో బిల్లుల గుమాస్తాని. సాయంత్రాలు మా ఆవిడతో కలిసి వాళ్ళ తమ్ముడి షాపుకి వెళ్ళి, ఆరిన శుభలేఖలకి నాలుగు మూలలా పసుపు పెట్టేవాణ్ణి. తడిపిన పసుపు గిన్నె, చూపుడువేలు, కార్డు మీద కార్డు. నా కళాజీవితం అదీ. మంత్రి పెళ్ళి కార్డు ఒకటి వచ్చిన మాట నిజమే, తప్పు పడితే సరిచెయ్యడానికి.

ఆ తర్వాత ఒక్క శనివారం మానలేదు. లైబ్రరీ దగ్గర అమ్మాయి కారు మలుపు తిరగ్గానే వంతెన ఎక్కేవాణ్ణి. అక్కడ నేను వెళ్ళే సరికి కాఫీ పోసి ఉంచేవాళ్ళు. ఒకసారి పది నిమిషాలు ఆలస్యమైతే మెకానిక్ వంతెన దాకా వెతుక్కుంటూ వచ్చాడు. నాకోసం ఒక మనిషి రోడ్డు మీదకి వచ్చి చూడటం! అబద్ధం బయటపడితే ఇదంతా పోతుందని తెలుసు. అందుకే అందరి స్క్రీన్లూ కడిగేవాణ్ణి. బొమ్మలు వేసే పని వస్తే మాత్రం వెనక్కి చేతులు కట్టుకుని "ఎరుపు కొంచెం తగ్గించు" అనేవాణ్ణి. ఎరుపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, ఆ మాట ఎక్కడన్నా చెల్లుతుంది.

వాళ్ళు తమని చికానోలం అంటారు. అంటే ఏమిటని ఒకరోజు అడిగాను.

"మా తాతలది మెక్సికో," అంది పంతులమ్మ. "మేం అక్కడికెళ్తే మా స్పానిష్ విని నవ్వుతారు. ఇక్కడే పుట్టాం, ఇక్కడివాళ్ళు ఎక్కణ్ణించి వచ్చారని అడుగుతారు. చికానో అన్నది మమ్మల్ని తక్కువ చెయ్యడానికి అన్న మాట ఒకప్పుడు. దాన్నే తీసి మెళ్ళో వేసుకున్నాం."

మా మనవరాలు గుర్తొచ్చింది. ఫోన్లో గుడివాడ చుట్టాలు ఆ పిల్ల తెలుగు విని నవ్వితే, ఫోను నా చేతిలో పెట్టేసి మెట్లెక్కేసింది. మళ్ళీ మాట్లాడలేదు.

ఆ రోజే పంతులమ్మ వాళ్ళమ్మ బొమ్మ కథ చెప్పింది. చిన్నప్పుడు స్కూల్లో స్పానిష్ మాట్లాడినందుకు మూల నిలబెట్టారట. ఆ కోపం ఇంటికొచ్చి అమ్మ మీద చూపించిందట. అమ్మకి రాని ఇంగ్లీషులోనే ఏళ్ళ తరబడి జవాబు చెప్పిందట. "ఆవిడ పోయాక నాకు రెండు భాషల్లోనూ మాట రాలేదు. ఏం చెయ్యాలో తెలీక ఆవిడ మోచెయ్యి గీశాను, పిండి ఒత్తేటప్పటి మోచెయ్యి. అది ఒకటే గీశాను నెల్లాళ్ళు. ఆ తర్వాతే మిగతా మనిషి వచ్చింది. కిరణాలు చివర్న పెట్టాను. దేవతలకి పెట్టినప్పుడు మా అమ్మకి ఎందుకు పెట్టకూడదు?"

అక్కడి పద్ధతి కూడా అదే. మీ ఇంట్లో ఇంతవరకూ ఏ పోస్టరుకీ ఎక్కని మనిషిని ఒకర్ని ఎంచుకోవాలి. ఫొటో చూసి వెయ్యకూడదు, మీకు గుర్తున్నట్టు వెయ్యాలి. పన్నెండు కాపీలు తీసి అందరూ పంచుకోవాలి, అందరి మనుషులూ అందరిళ్ళకీ వెళ్ళాలి. మెకానిక్ వాళ్ళ నాన్నని వేస్తున్నాడు, రైలు పట్టాల మీద లాంతరు పట్టుకుని నిలబడ్డట్టు.

"మాయెస్ట్రో, మీరెవర్ని?" అంది పంతులమ్మ.

"మా ఆవిడని," అన్నాను. నోటికి ముందు వచ్చేసింది.

ఒక వారం కంట్లో చుక్కలు వేయించుకున్నానన్నాను. ఇంకో వారం మోకాలన్నాను. మూడో వారం ఏకాదశి అన్నాను. ఏకాదశికీ బొమ్మకీ ఏం సంబంధమని అక్కడ అడగగలిగినవాళ్ళు లేరు. నాలుగో వారం పంతులమ్మ కాగితం పరిచి పెన్సిలు నా చేతిలో పెట్టింది.

"ఆవిడ ఏం చేస్తుంటే మీకు బాగా గుర్తు?"

"నడిచేది," అన్నాను. "రోజూ సాయంత్రం మా ఇళ్ళ మధ్య చెరువు చుట్టూ నడిచేవాళ్ళం. నేత చీర, పైన నా పాత నీలం చలి జాకెట్టు, కాళ్ళకి మా అమ్మాయి కొన్న స్పోర్ట్స్ షూ, గులాబీరంగు చారలవి."

"అబ్బ!" అంది ఆవిడ, చేతులు కలుపుకుని. "చీర మీద స్పోర్ట్స్ షూ! అదే వెయ్యండి. ఆవిడ నడక వెయ్యండి."

పెన్సిలు కాగితం మీద ఆనించాను. కదల్లేదు. చెయ్యి రాక అనుకున్నాను ముందు. కళ్ళు మూసుకున్నాను. చెరువు కనిపించింది, బాతులు, చెత్తడబ్బా, బెంచీ అన్నీ కనిపించాయి. మా ఆవిడ కనిపించలేదు. ఆవిడ చప్పుడు మాత్రం వినిపించింది. షూ అడుగు కిచకిచ. జాకెట్టుకి చీర కొంగు రాసుకునే సరసర. "ఏమండీ, కాస్త ఆగండి" అనే మాట. అన్నీ వెనక నుంచి.

నేను ముందు నడిచేవాణ్ణి. ఆవిడ పది అడుగుల వెనక. గుడివాడలో బజారుకి అలాగే వెళ్ళాం, గుడికి అలాగే వెళ్ళాం, ఎయిర్‌పోర్టులో కూడా అలాగే నడిచాం. యాభై ఏళ్ళు. మా ఆవిడ నడవగా నేను చూడలేదు.

పెన్సిలు కింద పెట్టేశాను.

"అమ్మా, నేను ఆర్టిస్టుని కాదు."

"ఊఁ," అంది పంతులమ్మ.

"ప్రెస్సు నాది కాదు. కార్డుల మూలలకి పసుపు పెట్టేవాణ్ణి. అంతే."

మెకానిక్ బల్ల మీద చరిచి నవ్వాడు. "ఆ సంగతి మొదటి రోజే తెలుసు. స్క్వీజీని చీపురు పట్టుకున్నట్టు పట్టుకున్నావు."

"మరి ఇన్నాళ్ళూ మాయెస్ట్రో, మాయెస్ట్రో అన్నావేం?"

"అంటే నువ్వొస్తున్నావు. స్క్రీన్లు అంత శుభ్రంగా కడిగేవాడు మాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడితో ఆపేస్తే బాగుండేది. "ఇంకోటుంది," అన్నాను. నడక సంగతి చెప్పాను. ఆ ఆఖరి శరదృతువులో చప్పుడు పది అడుగుల నుంచి ఇరవైకి, ముప్పైకి పోయిందని చెప్పాను. "ఏమండీ, కాస్త ఆగండి" అంటే నేను వెనక్కి తిరక్కుండానే "రా, రా, చలేస్తోంది" అనేవాణ్ణని చెప్పాను. బద్ధకం అనుకున్నాను. అది ఆయాసం. గుండె అప్పటికే బాగా బలహీనపడిందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఒక్కసారి తిరిగి చూసి ఉంటే మనిషి ముఖం చూసైనా తెలిసేది. ఈ మాట అమ్మాయికి చెప్పలేదు. డాక్టరుకీ చెప్పలేదు. టైర్ల షాపులో పరాయివాళ్ళకి, రాని ఇంగ్లీషులో చెప్పాను.

ఎవరూ నా భుజం తట్టలేదు. మెకానిక్ లేచి కాఫీ పోసి తెచ్చాడు. పంతులమ్మ ఆ ఖాళీ కాగితాన్ని మళ్ళీ నా ముందుకి జరిపింది.

"ఆవిడ మీకు కనపడలేదు, సరే. మీరు ఆవిడకి కనపడ్డారు కదా. ఆవిడేం చూసింది?"

"నా వీపు."

"అయితే అది తెండి."

మర్నాడు అమ్మాయిని చెరువు దగ్గరికి వాక్‌కి రమ్మన్నాను. ఆశ్చర్యపోయింది. మా ఆవిడ పోయాక నేను అటు వెళ్ళలేదు. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ఎవరితోనో ఆఫీసు సాఫ్ట్‌వేర్ రిలీజ్ గురించి మాట్లాడుతూ బయల్దేరింది. హాంగర్‌కి ఉన్న ఆ నీలం జాకెట్టే వేసుకుంది, తెలియకుండానే. "ముందు నువ్వు నడువమ్మా," అన్నాను. పది అడుగులు వెళ్ళనిచ్చి నేను కదిలాను.

ముందు నడిచేవాళ్ళు ఎంత వేగంగా నడుస్తారో వెనక నడిస్తేగాని తెలియదు. బెంచీ దాటేసరికి ఇరవై అడుగులైంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి నీలం జాకెట్టు అరచేయంత. కిందకి చూస్తే నా బూట్లు, పైకి చూస్తే ఆ వీపు. చెరువు గాని బాతులు గాని కనపడవు, ఆ వీపు తప్పిపోతుందేమో అని దాన్నే చూడాలి. "కాస్త ఆగమ్మా," అన్నాను. చెవుల్లో మీటింగు కదా, వినపడలేదు. రెండోసారి అనలేదు నేను. మా ఆవిడ ఎన్నిసార్లు అనకుండా ఊరుకుందో అనుకుంటూ నడిచాను.

ఇంటికొచ్చి గరాజ్‌లో వెతికాను. షూ ఉన్నాయి, క్రిస్మస్ లైట్ల డబ్బా వెనక. ఎవరికో ఇచ్చేశానని అందరికీ అబద్ధం చెప్పి నేనే దాచాను. తిరగేసి చూశాను. ఎడమది బానే ఉంది. కుడిది మడమ దగ్గర ఒక పక్కకి పూర్తిగా అరిగిపోయింది. కుంటేదన్నమాట. ఎన్నాళ్ళ నుంచో ఆ షూకి తెలుసు.

ఆ తర్వాతి శనివారం వాటిని సంచీలో పెట్టుకెళ్ళాను. బొమ్మ గీయడం రాకపోతే ఏం, కత్తిరించడం వస్తుంది. షూలని కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, కత్తెరతో స్టెన్సిల్ కోశాను. కింద, చూసేవాళ్ళకి దగ్గరగా, గులాబీ చారల షూ ముందు భాగాలు రెండు, వాటి మీద చీర అంచు. వాటి ముందు బూడిదరంగు బాట. బాట చివర చిన్నగా, ఆ రోజు చెరువు దగ్గర నాకు కనపడినట్టే, నీలం వీపు. తల తిప్పని వీపు. మెకానిక్ చట్రం పట్టుకున్నాడు, నేను స్క్వీజీ లాగాను, చీపురులాగే.

"కిరణాలు ఎక్కడ?" అంది పంతులమ్మ.

"షూకి," అన్నాను. కుడిదానికి కొంచెం పొడుగ్గా పెట్టాను.

పన్నెండు కాపీలు ఆరాయి. తీసి దొంతి పేర్చాను. మెకానిక్ తన బొమ్మలో లాంతరు వెలుగు కోసం కలిపిన పసుపురంగు డబ్బా మూత పక్కనే ఉంది. వేలు ఎప్పుడు ముంచానో తెలీదు. పంతులమ్మ "అదేంటి?" అని అడిగేసరికి ఏడో కాగితం నాలుగో మూల మీద ఉన్నాను.

వేలు వెనక్కి తీసుకున్నాను. మూలలకి పసుపు పెట్టేది పెళ్ళి కార్డుకి. పోయినవాళ్ళ కార్డుకి పెట్టకూడదు. మా బావమరిది షాపులో కర్మ కార్డులు వస్తే మా ఆవిడ పసుపు గిన్నె ఎత్తి అవతల పెట్టేసేది. ఆ మాటే చెప్పాను, తప్పు చేశానన్నాను.

"మిగతా అయిదూ వదిలేస్తారా?" అంది పంతులమ్మ.

ఆలోచించాను. గిన్నెకి అటు ఆవిడ, ఇటు నేను. ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆ ఒక్క పనిలోనే ఎవరూ ముందూ వెనకా లేం. మిగతా అయిదింటికీ పెట్టేశాను.

అది చూసి పన్నెండు మందీ తమ పోస్టర్లు పట్టుకుని నా ముందు క్యూ కట్టారు. కాదు, నలుగురే. ఒకావిడైతే తన బొమ్మ ముట్టుకోవద్దంది కూడా. మెకానిక్ తన లాంతరు నాన్నని నా ముందు పడేసి "వీటికీ పెట్టు" అన్నాడు.

"మీ నాన్నకి పెళ్ళి కాదు కదా."

"నీకు మాత్రం అవుతోందా?"

పెట్టాను. నా చేతివేగం చూసి నోరు తెరిచాడు. ఆ రోజు అతను మాయెస్ట్రో అంటే సిగ్గు వెయ్యలేదు.

ఒక కాపీ ఇంటికి తెచ్చాను. అమ్మాయి వంటింటి గట్టు మీద పరిచి చూసింది. "పసుపేంటి నాన్నా, అమ్మదానికి?" అంది. తర్వాత షూ చూసింది. తర్వాత బాట చివరిదాకా చూసింది. "ఈ వెళ్ళిపోయేది ఎవరు?" అంది.

"నేనే."

ఇంకా చెబుదామనుకున్నాను. టైర్ల షాపులో చెప్పినంతా చెబుదామని నోరు తెరిచాను. అమ్మాయి ఫోను మోగింది. "టూ మినిట్స్ నాన్నా," అని గదిలోకి వెళ్ళింది. గంటన్నర తర్వాత వచ్చేసరికి నేను బొమ్మ చుట్టేసి నా మంచం కింద పెట్టేశాను. మర్నాడు చూస్తే అది నా గది గోడ మీద ఉంది, నాలుగు మూలలకీ టేపు, పసుపు మీద పడకుండా పక్కకి వేసి. అమ్మాయి పనే. చెప్పాల్సింది ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు రోజూ చెరువు చుట్టూ మూడు చుట్లు నడుస్తాను. మూడు కాదు, ఒకటి. అది కూడా చాలాసేపు పడుతుంది. బెంచీ దాటగానే ఆగుతాను, మలుపు దగ్గర ఆగుతాను. వెనక్కి తిరిగి నిలబడతాను. బాట ఖాళీగా ఉంటుంది. కుడికాలు కుంటుతూ ఒక మనిషి పది అడుగులు నడవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఉండి, అప్పుడు కదుల్తాను.